చలాన్ కట్టాలా, కోర్టుకెళ్లాలా? నాంపల్లి మెట్లెక్కే ముందు తెలుసుకోవాల్సినవి

ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ కొట్టు ముందు బండి ఆపారు. బియ్యం బస్తా వేయించుకుని, డబ్బులిచ్చి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. లారీలు, ట్రాలీ ఆటోలు, హమాలీల మధ్య ఎవరు ఫొటో తీశారో కూడా మీరు చూడలేదు. మర్నాడు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: నో పార్కింగ్ చలాన్. కడితే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ ఆ ఫొటోలో ఉన్నది మీ బండే కాదనుకోండి. లేదా అక్కడ నో పార్కింగ్ బోర్డే లేదని మీకు గట్టిగా తెలుసు. అప్పుడేం చేయాలి?

ముందు ఒక విషయం. చలాన్ అంటే తీర్పు కాదు. మీరు ఫలానా తప్పు చేశారని పోలీసులు చేస్తున్న ఆరోపణ, అంతే. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 200 ప్రకారం కొన్ని చిన్న నేరాలను అక్కడికక్కడే డబ్బు కట్టించుకుని ముగించే అధికారం పోలీసులకు, రవాణా అధికారులకు ఉంది. దీన్నే కాంపౌండింగ్ అంటారు. మనం ఆన్‌లైన్‌లోనో, మీసేవలోనో కట్టేది ఈ కాంపౌండింగ్ ఫీజే. కట్టాక ఆ నేరంపై మళ్లీ కేసు నడపకూడదు. కోర్టులో శిక్ష పడ్డట్టు రికార్డూ ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ముందు ఫొటో చూడండి

తెలంగాణ పోలీసుల ఇ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే చలాన్‌తోపాటు ఫొటో కూడా కనిపిస్తుంది. చాలామంది మొత్తం చూసి గుండెలు బాదుకుంటారు కానీ ఫొటో తెరవరు. తెరవండి. నంబర్ ప్లేట్ స్పష్టంగా ఉందా? మోడల్, రంగు మీ బండివేనా? తేదీ, సమయం, స్థలం సరిపోయాయా? 8ని 3గా, బీని 8గా చదివిన చలాన్లు మనకు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరికి వచ్చే ఉంటాయి. మీ నంబరునే వేరే బండికి తగిలించుకుని తిరిగేవాళ్లూ ఉంటారు. అలాంటిదైతే అది చలాన్ సమస్య కాదు. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు తెచ్చుకోవాల్సిందే.

పొరపాటు చలాన్ అయితే నేరుగా కోర్టుకు పరుగెత్తక్కర్లేదు. ముందు ట్రాఫిక్ పోలీసులకే ఫిర్యాదు పెట్టండి. ఆర్సీ కాపీ, మీ బండి ముందు, వెనుక ఫొటోలు జత చేయండి. నంబరు తప్పు చదివినట్టు తేలితే చలాన్ అక్కడే రద్దవుతుంది.

కెమెరా చలాన్లకు కేంద్ర నిబంధనలు 2021 ఆగస్టులో మరికొన్ని షరతులు పెట్టాయి. ఎలక్ట్రానిక్ పరికరాలతో నమోదైన నేరంపై నోటీసు 15 రోజుల్లోగా పంపాలి. నంబర్ ప్లేట్ కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో అందులో ఉండాలి. చలాన్ తేలేదాకా ఆ రికార్డును దాచి ఉంచాలి. కోర్టులో వాదించాలనుకునేవారికి పనికొచ్చే నిబంధన ఇది.

బండి అమ్మేసినా చలాన్లు మీకే వస్తున్నాయా? ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉందన్నమాట. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాళ్లదే. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చేశాం కదా అని ఊరుకుంటే కుదరదు.

కట్టకపోతే ఏమవుతుంది?

పోలీసులు కోర్టులో కేసు వేయొచ్చు. అయితే దానికీ గడువుంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు మామూలుగా ఆరు నెలల్లోపే విచారణకు స్వీకరించాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తేనే మినహాయింపు. నో పార్కింగ్ లాంటివి ఈ కోవలోకే వస్తాయి. అలాగని ఆరు నెలలు దాటగానే చలాన్ దానంతటదే చెరిగిపోతుందని అనుకోవద్దు. సైట్‌లో పెండింగ్ అలాగే కనిపిస్తుంది, తనిఖీలో ఆపినప్పుడు అడుగుతారు కూడా.

మరి రాయితీ కోసం ఆగొచ్చా? హైదరాబాద్‌లో సగం మంది చేసేది అదే. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరు 26 నుంచి 80 శాతం రాయితీ ఇచ్చారు, గడువులూ పొడిగించారు. అప్పటినుంచి మూణ్నెల్లకోసారి వాట్సాప్‌లో కొత్త రాయితీ పుట్టుకొస్తూనే ఉంది. పోలీసుల అధికారిక ఖాతాలో చూసేదాకా నమ్మకండి. ఇ-చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ పంపితే అసలే తెరవకండి. ఇప్పటికే తెరిచి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

సమన్లు వస్తే

ఇక ఇది సీరియస్. సమన్లపై కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ ఉంటాయి. చిన్న కేసులకు ఎస్‌టీసీ నంబరు ఇస్తారు, సమ్మరీ ట్రయల్ కేసు అని అర్థం. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొట్టి వాయిదా తేదీ సరిచూసుకోండి. ఆటో ఎక్కి ఊరికే ‘కోర్టు’ అంటే హైకోర్టుకో, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టుకో తీసుకెళ్లే ప్రమాదం ఉంది. నాంపల్లి క్రిమినల్ కోర్టులని చెప్పండి. మెట్రోలో అయితే మియాపూర్, ఎల్బీనగర్ లైన్‌లో నాంపల్లి స్టేషన్. బండి మీద వెళ్లి ఆ చుట్టుపక్కల ఇంకో నో పార్కింగ్ చలాన్ తెచ్చుకోకుండా ఉంటే మేలు.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. చట్టంలోని సెక్షన్ 208 ప్రకారం, జైలు శిక్ష లేని నేరమైతే మీరు స్వయంగా రాకుండా లాయర్‌ను పంపొచ్చని సమన్ల మీదే రాయాలి. తప్పు ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ లేఖ రాసి, కోర్టు చెప్పిన మొత్తాన్ని మనీ ఆర్డర్‌లో పంపినా కేసు అక్కడితో ముగుస్తుంది. కాబట్టి సమన్లను రెండు వైపులా చదవండి.

స్వయంగా వెళ్తే లైసెన్స్, ఆర్సీ, బీమా, ఆధార్ ఒరిజినళ్లతోపాటు ఒక్కో జిరాక్స్ ఉంచుకోండి. ఉదయం పదిన్నరకల్లా హాల్ బయట ఉండండి. పేరు పిలిచినప్పుడు మీరు టీ కొట్టు దగ్గరుంటే ఆ రోజంతా పోయినట్టే. గేటు దగ్గర ‘ఐదొందలిస్తే పని చేయిస్తా’ అనేవాళ్లు తగులుతారు. వాళ్లతో పనిలేదు.

లోపల మేజిస్ట్రేట్ ఆరోపణ చెప్పి, ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే జనం తొందరపడతారు. పక్కనున్నవాళ్లందరూ తలూపి ఫైన్ కట్టి వెళ్లిపోతుంటే మనమూ తలూపేస్తాం. కానీ కోర్టులో ఒప్పుకోవడమంటే దోషిగా తేలడం. పోలీసులకు చలాన్ కట్టడం వేరు, ఇది వేరు. ఒప్పుకున్నాక నేరం చేయలేదంటూ అప్పీలుకు వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది. రేపు ఉద్యోగం, వీసా దరఖాస్తుల్లో ‘మీకెప్పుడైనా శిక్ష పడిందా’ అని అడిగితే ఆ ప్రశ్నను జాగ్రత్తగా చదివి నిజం రాయాలి. చిన్న ట్రాఫిక్ జరిమానాలను కొన్ని ఫారాలు మినహాయిస్తాయి, కొన్ని విడిగా అడుగుతాయి.

ఒప్పుకోనంటే మరో వాయిదా పడుతుంది. నేరం జరిగిందని రుజువు చేయాల్సింది పోలీసులే. ఫొటోను సాక్ష్యంగా పెడితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి. పాత చట్టంలో 65బీ అనేవారే, అదే ఇది. మీ వైపు నుంచి ఫొటోలు, సీసీ ఫుటేజీ, ఆ సమయానికి మీరు వేరే చోట ఉన్నట్టు చూపే కాగితాలు పనికొస్తాయి.

ఓడిపోతే? సెక్షన్ 177 కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు జరిమానా. హెల్మెట్ లేకపోతే 1,000, లైసెన్స్ మూడు నెలలు ఆగిపోవచ్చు. 2019 సెప్టెంబరు 1న చట్టంలో జరిమానాలు పెరిగినా తెలంగాణలో చలాన్లు చాలా ఏళ్లపాటు 2011 నాటి జీవో రేట్లతోనే నడిచాయి. అందుకే కొన్నింటికి కోర్టు జరిమానా చలాన్‌కన్నా ఎక్కువవుతుంది. లాయర్ ఫీజు, పోయిన రోజుకూలీ అదనం. నిజంగా తప్పు చేసి ఉంటే చలాన్ కట్టేయడమే తెలివైన పని. చేయని తప్పైతే, ముఖ్యంగా డ్రైవింగే జీవనాధారమైనవాళ్లు, వాదించడంలో అర్థముంది. లాయర్‌కు స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం ఉచితం.

తాగి నడిపిన కేసు మాత్రం వీటితో కలపకండి. సెక్షన్ 185కు కాంపౌండింగ్ లేదు, కోర్టుకు వెళ్లి తీరాలి. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

లోక్ అదాలత్ మధ్యే మార్గం. జాతీయ లోక్ అదాలత్ ఏటా నాలుగుసార్లు జరుగుతుంది, కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డుపై అప్పీలూ లేదు. సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో రాజీ అని ఉందో, నేరం ఒప్పుకున్నానని ఉందో చదివించుకోండి.

వాయిదాకు వెళ్లకుండా ఉండటం ఒక్కటే అన్నిటికన్నా ఖరీదైన తప్పు. పార్కింగ్ కేసు కాస్తా వారెంట్ కేసు అవుతుంది. ఇప్పటికే నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చి ఉంటే లాయర్ ద్వారా రీకాల్ పిటిషన్ వేయించండి. జరిమానా కట్టిన రసీదు భద్రంగా దాచి, వారం తర్వాత ఇ-చలాన్ సైట్ మళ్లీ చూడండి. పెండింగ్ అనే కనిపిస్తుంటే ఆ రసీదు కాపీతో ట్రాఫిక్ పోలీసులకు రాయండి.