పడవ, ఓడ, ఇంద్రావతి దోనె

హీనయానం చిన్న పడవ అనీ, మహాయానం పెద్ద ఓడ అనీ మన సభలలో తరచుగా వినవస్తుంది. నిజానికి యానమంటే వాహనం. సద్ధర్మపుండరీకంలోని ప్రసిద్ధ దృష్టాంతంలో అవి మేక, జింక, ఎద్దు లాగే బండ్లు. పాళీ మజ్ఝిమనికాయంలో భగవానుడు ధర్మానికి చెప్పిన ఉపమానమైతే పడవ కూడా కాదు, గడ్డీ కొమ్మలూ కట్టిన తెప్ప.

అయినా పడవకూ ఓడకూ గల భేదం విచారింపదగినదే. అది పరిమాణంలో మాత్రమే లేదు. పడవవానికి ఆవలి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. గడకర్రకు ఏటి అడుగు అందుతుంది. ఓడ బయలుదేరేది కనబడని తీరానికి. దానికి తెరచాపలు, గాలుల కాలజ్ఞానం, ధనం పెట్టే వర్తకులు, రేవుపట్టణం కావాలి. శాతవాహనుల సీసపు నాణేలపై ఉన్న రెండు స్తంభాల ఓడ అటువంటిది. ఘంటసాల ప్రాకృత శాసనంలో కనిపించే మహానావికుడు శివకుడు అటువంటి ఓడలెరిగినవాడు. ధర్మవ్యాప్తిని గురించి రాసినప్పుడల్లా మనవారు ఈ ఓడనే ఎక్కుతారు.

బస్తరుకు ఓడ రాలేదు, రాజాలదు. కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి చిత్రకోట వద్ద సుమారు 29 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. దిగువన అది కలిసే గోదావరి సైతం రాతిమయమే. ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఎగువ గోదావరి జలమార్గపు పనులను 1871లో విడిచిపెట్టారు. ఈ నీళ్లమీద చెల్లేది ఒకే మానును తొలిచిన దోనె.

రెండు దోనెలను జోడించి కట్టితే తెలుగులో దానిని సంగడి అంటాం. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్, మన తూర్పు తీరపు నావలను చెబుతూ, ఏకదారువులను జతకట్టిన పెద్ద నావలను ‘సంగర’ అన్నది. గంగకూ సువర్ణభూమికీ పోయే మహానౌకలను వేరుగా పేర్కొన్నది. సంగర, సంగడి ఒకే మాట కావచ్చునని మా అభిప్రాయం. స్నేహితునికి సంగడికాడనే పేరు ఉండనే ఉన్నది!

కొండగావ్ జిల్లా భోంగాపాల్‌లో అడవి నడుమ డోక్రా బాబా కొలువై ఉన్నాడు. డోక్రా అంటే ముసలాయన. ఆయన బుద్ధుడు. పక్కనున్న ఇటుక చైత్యం 5-6 శతాబ్దాల నాటిదని పురావస్తుజ్ఞుల అంచనా. సముద్రానికి ఇంత దూరాన దానిని కట్టించిన భిక్షువులు కాలినడకనో, దోనెలపైనో వచ్చి ఉండాలి. విహారాలు పాడుపడి, పోషకులు అంతరించిన తరువాత ఆ విగ్రహాన్ని విడువక కొలిచినవారు ఆదివాసులు. త్రిశరణాలు వారికెవరూ చెప్పలేదు.

ఇప్పుడు అక్కడికి యాత్రగా వెళ్లే మనవారిలో కొందరికి ఆ పేరు అజ్ఞానంగా తోస్తుంది. బోర్డు మార్చి, పూజావిధానం దిద్దాలనుకుంటారు. ఇందుకు మేము సమ్మతించం. 1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష పొందిన సంప్రదాయానికి వారసులమైన మనం, మరొకరు నిలుపుకొన్న దేవుని పేరును తుడిచివేయడం ఎట్లా న్యాయమవుతుంది? బోర్డు పెట్టవలసివస్తే ఆ గ్రామస్థులను అడిగి, వారి భాషలో, డోక్రా బాబా పేరు ముందుంచి పెట్టాలి.