దంపతుల పూటకూడు

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున, మంచనశర్మయు టిట్టిభసెట్టియు నను మిత్రులిరువురు కాకతీయుల ఓరుగల్లు వాడవాడల వేడుకలు చూచుచు తిరుగునప్పుడు, లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు లభించు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించెను. కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు, ఇవన్నియు ఆ రూకకే. నగరమునకు పోయి, వెల చెల్లించి, రుచులెరిగి భుజించుట తెలుగువారికి నిన్న మొన్న అలవడిన వేడుక కాదని దీనివలన స్పష్టము. అయితే ఆ విహారమున మిత్రునకు మిత్రుడే తోడు. ఇల్లాలికి అందు తావు లేదు. పిల్లలను పెద్దల చెంత విడిచి, ఆలుమగలిద్దరే పట్టణమునకు పోయి, పేరుపొందిన భోజనశాలలను వెదకి వెదకి, రెండు మూడు దినములు తీరికగా తిని వచ్చు నేటి ఆచారమునకు వయస్సు మిక్కిలి తక్కువ. అది పుట్టుటకు ఏయే కట్టుబాట్లు సడలవలసి వచ్చెనో తెలిసికొన్నగాని దాని విలువ మనకు బోధపడదు.

భార్యతో కలసి భుజింపరాదనియు, ఆమె భుజించుచుండగా చూడరాదనియు మనుస్మృతి నాలుగవ అధ్యాయము స్నాతకునకు విధించినది. స్మృతి చదివినవారు కొందరే యైనను, దాని నీడ పెక్కు ఇండ్ల వంటశాలలపై పడినది. పెండ్లినాడు వధూవరులను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, బువ్వపు బంతి సాగించి, పరిహాసములాడిన బంధువర్గమే, కాపురమునకు వచ్చిన కోడలు అందరును లేచిన పిదప భర్త తిన్న విస్తరిలోనే మిగిలినది వడ్డించుకొని తినుటను పాతివ్రత్యలక్షణముగా మెచ్చుకొనెడిది. వేడివేడిగా వడ్డించిన చేతికి వేడి అన్నము దక్కెడిది కాదు. ఏ కూర కుదిరినదో, ఏ పులుసులో ఉప్పు తగ్గినదో ఇంటిల్లిపాదియు చెప్పగా విని, తుదకు గిన్నె అడుగున తెలిసికొనుట ఆమె వంతు.

దూరప్రయాణములును ఈ స్థితిని మార్పజాలవయ్యెను. చెన్నపట్టణమునుండి కాశికి వెడలి, 1830-31 సంవత్సరములలో తన యాత్రను దినదినమును వ్రాసియుంచిన ఏనుగుల వీరాస్వామయ్య నాటి బాటలను, మజిలీలను శ్రద్ధతో వర్ణించెను. ఆ కాలమున మజిలీ యనగా బండ్లు విప్పి, నీరు తెచ్చుకొని, వంట చేసికొను చోటు. సహధర్మచారిణి లేనిదే తీర్థవిధి పరిపూర్ణము కాదు గనుక భార్య యాత్రకు వచ్చెడిది. ఆమె వెంట పొయ్యియు వచ్చెడిది. ఇక పట్టణములలోని పూటకూటిండ్లను పలుచోట్ల వేరు జీవనాధారము లేని వితంతువులు నడపుచుండిరి; 1909లో వెలువడిన కన్యాశుల్కము రెండవ రూపమున గురజాడ చిత్రించిన పూటకూళ్లమ్మ అట్టి స్త్రీయే. వండి పెట్టునది స్త్రీ, పైకమిచ్చి తినునది పురుషుడు అను క్రమము అచ్చటను మారలేదు.

మార్పునకు మొదటి త్రోవ ఇనుపదారి. 1856లో రాయపురమునుండి వాలాజా రోడ్డునకును, 1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకును రైళ్లు నడచిన పిమ్మట, దినముల బాట గంటలకు కుదిసి, గుమాస్తాలును వకీళ్లును విద్యార్థులును నగరములను నింపిరి. వారి ఆకలి తీర్చుటకు కాఫీ హోటళ్లు వెలసినవి. ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన పాకశాస్త్రనిపుణులు ఈ వృత్తికి శుచియు, వేగమును, కీర్తియు సంపాదించిపెట్టిరి. బెంగుళూరి మావళ్లి టిఫిన్ రూములకు మూలమైన అంగడి 1924లోను, మద్రాసు రాయపేటలో కృష్ణారావుగారి ఉడ్‌లాండ్సు 1938లోను తెరచిరి. రెండవ ప్రపంచయుద్ధమున బియ్యము కరవైనప్పుడు రవ్వ ఇడ్లిని కల్పించిన ఘనత తమదేయని మావళ్లివారు నేటికిని చెప్పుకొందురు. కాని నాటి హోటళ్లలో పెక్కింట బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది. కొందరికి గడప దాటుటయే దుర్లభము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పదునైదవ అధికరణమున, హోటళ్లలో ప్రవేశమునకు మతముగాని, కులముగాని, లింగభేదముగాని అడ్డు కారాదని శాసించినది. అంటరానివాని ముందు మూసిన తలుపును, ఆడుదాని ముందు మూసిన తలుపును ఒకే వాక్యముతో తెరచిన ఆ శాసనమును, హోటలులో సుఖముగా కూర్చుండు ప్రతి దంపతియు కృతజ్ఞతతో తలపదగును.

శాసనము తెరచిన తలుపును దాటుటకు సంకోచము తొలగవలెను గదా! అందులకు వ్యాపారులు కనుగొన్న ఉపాయమే ఫ్యామిలీ రూము. చెక్కలతో అడ్డుకట్టి, ముందు తెర వ్రేలాడదీసిన ఆ చిన్న గదులు ఉడుపి హోటళ్లలోను ఇరానీ హోటళ్లలోను ఒక తరము దంపతులకు ఆశ్రయములైనవి. సినిమా చూచి వచ్చిన క్రొత్తకోడలు, పరుల చూపు సోకదను ధైర్యముతో ముసుగు సవరించుకొని, స్వీటు, కారము, కాఫీ అను వరుసలో తెప్పించుకొని, భర్త కెదురుగా కూర్చుండి తినెను. వడ్డించువాడు వేరొకడు, ఎంగిలి తీయువాడు వేరొకడు. “నీకేమి కావలెను?” అను ప్రశ్న ఆమెను ఉద్దేశించి అడుగబడినది. ఆ తెర ఆమెను దాచినది నిజమే. కాని దాచుచునే లోనికి రానిచ్చినది. కాలక్రమమున స్త్రీలు చదువులకు, ఉద్యోగములకు వెడలిరి. తెర అవసరము తీరి, పలుచోట్ల చెక్కలడ్డును తొలగినది.

నేడు హైదరాబాదునకు రెండు దినముల కొరకు పోయిన దంపతులు ఈ చరిత్రనంతయు నాలుకతో చదువవచ్చును. ఇరాన్ నుండి బొంబాయికి, అచ్చటినుండి పూనాకు, హైదరాబాదునకు వచ్చినవారు నెలకొల్పిన హోటళ్లలో, డికాక్షనును మూతవేసి సన్నని సెగపై మరగించి, విడిగా చిక్కగా కాచిన పాలతో కలిపి ఇచ్చు చాయకు ఉస్మానియా బిస్కత్తు తోడు. ఒక చాయను ఇద్దరు పంచుకొనదలచిన “వన్ బై టూ” అన్న చాలును. పెరుగులో నానిన పచ్చిమాంసముపై సగముడికిన బియ్యము పరచి, అంచున పిండి పూసి మూసి మగ్గించు కచ్చీ బిరియాని మధ్యాహ్నమునకు. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్టులో పండ్ల ఐస్‌క్రీము సాయంకాలమునకు. రంజాను మాసమైనచో గోధుమలును మాంసమును గంటలతరబడి ఉడికించి మెదిపిన హలీము రాత్రికి. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక్కొక్క వంట వెనుక ఒక్కొక్క వలస, ఒక్కొక్క కొలువు, ఒక్కొక్క వీథి కలవు.

పిల్లలను అమ్మమ్మకో నాయనమ్మకో అప్పగించి తల్లిదండ్రులు తిండికై ఊరేగుట తగునా యని పెద్దలు కొందరు ఆక్షేపింతురు. వారికి నేను వినయముతో చెప్పునది ఒక్కటే. పిల్లలు పంక్తిలో నున్నంతవరకు తల్లి చేయి వారి కంచములపైననే యుండును. ముద్ద కలుపుటయో, ముల్లు తీయుటయో, పాలు చల్లార్చుటయో ఆమెకు తప్పదు. ఆ చేతికి రెండు దినముల విరామము విలాసము కాదు, తరతరములుగా బాకీపడిన న్యాయము. కానీ రెండు దినముల మర్యాదతో ఆ బాకీ తీరినదని భర్త తలచినచో అది పొరపాటు. నగరమున ఎదురుగా కూర్చుండి వేడి అన్నము తిన్న ఇల్లాలు, ఇంటికి రాగానే మరల అందరి వెనుక చల్లారిన అన్నము తినవలసినచో ఆ ప్రయాణము వ్యర్థము. వడ్డన పాళ్లు పంచుకొని ఇద్దరును ఒకే వేళ కూర్చుండి తినుట ఇంటిలో అలవాటైన నాడే, పిల్లలును దానిని చూచి నేర్చిన నాడే, హోటలులో చెల్లించిన పైకము సద్వినియోగమైనట్లు.