నర్సయ్య ఆడం

నర్సయ్య నారాయణ ఆడం మహారాష్ట్రలోని షోలాపూర్ నగరానికి చెందిన కమ్యూనిస్టు నాయకుడు. తెలుగు పద్మశాలి సమాజం నుంచి వచ్చినవారు. మరాఠీలోనైనా తెలుగులోనైనా ఊరంతా ఆయన్ను ఆడం మాస్టర్ అనే పిలుస్తుంది. మార్క్సిస్టు పార్టీ తరఫున 1978, 1995, 2004 ఎన్నికల్లో శాసనసభకు గెలిచారు. సీఐటీయూ నాయకుడిగా బీడీ కార్మికులను, మరమగ్గాల కార్మికులను కూడగట్టారు. అయితే ఆయన పేరు దేశమంతా వినపడింది చట్టసభలో చేసిన ప్రసంగాల వల్ల కాదు, కుంభారి దగ్గర కట్టించిన ఇళ్ల వల్ల.

ఆడం రాజకీయం అర్థం కావాలంటే ముందు వలసల కథ చూడాలి. తెలంగాణ నుంచి పొట్ట చేతపట్టుకుని పడమటికి వెళ్లినవాళ్లలో చాలామంది చేరింది బొంబాయి, షోలాపూర్. బొంబాయికి ముందుగా వెళ్లినవాళ్లు నిజాం రాజ్యపు మట్టి పనివాళ్లు, తాపీ పనివాళ్లు. కామాటీలనే వాళ్ల పేరుమీదే కామాటిపురా వెలిసింది. తర్వాత బట్టల మిల్లులు రావడంతో నేతపని వాళ్లు లోయర్ పరేల్, వర్లీ వైపు, ఒంటిగది ఇళ్ల వరుసలైన బీడీడీ చాళ్లలోకి సర్దుకున్నారు. వాళ్లలో నాయకులు లేకపోలేదు. ఫూలే నడిపిన కుల వ్యతిరేక సత్యశోధక ఉద్యమానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువాళ్లు ముఖ్యులు. ఆ ఉద్యమ నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే 1880లో ‘దీనబంధు’ పత్రికను బొంబాయి నుంచి నడపడం మొదలుపెట్టినప్పుడు వెనక ఉన్నదీ వీళ్లే. కానీ ఓట్ల లెక్క వేరు. కామాటిపురాలో కొన్ని గల్లీలు, వర్లీలో కొన్ని చాళ్లు, నాయగావ్‌లో ఇంకొన్ని... ఇలా చెదిరి ఉన్న తెలుగువాళ్లు అంత పెద్ద నగరంలో సొంత బలంతో ఒక ఎమ్మెల్యేని గెలిపించుకోవడం కష్టం. అందుకే ముంబైలో తెలుగు నాయకత్వం ఎక్కువగా కుల సంఘాల్లో, గుడి కమిటీల్లో, యూనియన్లలో కనపడుతుంది.

షోలాపూర్ సంగతి అలా కాదు. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు పెట్టారు. కరీంనగర్, నిజామాబాద్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా వెళ్లి పక్కపక్క పేటల్లో స్థిరపడ్డారు. తూర్పు భాగంలో వీధికి వీధి తెలుగే. లోక్‌సభకు 1980, 84లలో గంగాధర్ కూచన్, 1989, 91లలో ధర్మన్న సాదుల్ కాంగ్రెస్ తరఫున, 1996లో లింగరాజ్ వల్యాల్ బీజేపీ తరఫున గెలిచారు. ముగ్గురూ తెలుగు మూలాలవారే. ఒకే సమాజం ఇన్ని పార్టీల్లోకి నాయకులను పంపగలిగిందంటే ఓటు బలం ఎంతో ఊహించుకోవచ్చు. దీనికి తోడు ఆ ఊరికి పోరాటాల చరిత్ర ఉంది. 1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో జనం తిరగబడితే ఆంగ్లేయులు సైనిక శాసనం విధించారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. మిల్లు గేటు దగ్గర ఎర్రజెండా ఎగరడానికి అక్కడ కొత్తగా నేల చదును చేయాల్సిన పని లేకపోయింది.

మగవాళ్లు మిల్లుకో మగ్గానికో పోతే ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టేవారు. రాత్రి నానబెట్టిన తునికాకును పొద్దున్నే రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. ఒళ్లో చాట, చాటలో తంబాకు. ఆకులో తంబాకు పరిచి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టాలి. కట్టలు కట్టి సాయంత్రానికి కంపెనీకి తీసుకెళ్లి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. బాగాలేవని పక్కన పడేసినవాటికి కూలి ఉండదు. ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిందే. సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో ఈ పని చూసినవాళ్లకు షోలాపూర్ వరండాలో కొత్తేమీ కనపడదు. 1990ల్లో పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాక ఎన్నో కుటుంబాలు నిలబడ్డది ఈ చాట మీదే. ఆడం యూనియన్ రాజకీయమంతా దీని చుట్టూ అల్లుకున్నదే. వెయ్యి బీడీలకిచ్చే కూలి పెంచాలి, యజమాని గుర్తింపు కార్డు ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. కార్డు లేనిదే ఆ నిధి నుంచి పైసా రాదు. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని తన కార్మికురాలని కంపెనీ చేత ఒప్పించడమే అసలు పోరాటం.

శాసనసభ జీవితాన్ని కొద్ది మాటల్లో చెప్పవచ్చు. 1978లో మహారాష్ట్రలో మార్క్సిస్టు పార్టీ 9 స్థానాలు గెలిచింది. వాటిలో ఆయనదొకటి. ఆ సభ 1980లోనే రద్దయింది. శివసేన, బీజేపీ అధికారంలోకి వచ్చిన 1995లోనూ, కాంగ్రెస్, ఎన్సీపీ గెలిచిన 2004లోనూ పార్టీకి దక్కినవి మూడేసి స్థానాలు. రెండుసార్లూ అందులో ఆడం ఉన్నారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో షోలాపూర్ నగర మధ్య స్థానంలో కాంగ్రెస్ నేత సుశీల్ కుమార్ శిందే కుమార్తె ప్రణీతి శిందే చేతిలో ఓడిపోయారు. 2014, 2019లలోనూ గెలుపు ఆమెదే. పార్టీ రాష్ట్ర కార్యదర్శిగా, కేంద్ర కమిటీ సభ్యుడిగా కూడా ఆయన పనిచేశారు.

ఇక ఇళ్లు. అక్కల్‌కోట్ దారిలో, నగరం వెలుపల కుంభారి అనే ఊరుంది. అక్కడ బీడీ కార్మిక మహిళల కోసం 10,000 ఇళ్ల కాలనీ కట్టారు. ఠాణే జిల్లా వార్లీ ఆదివాసీల తిరుగుబాటును నడిపిన గోదావరి పరులేకర్ పేరు దానికి పెట్టారు. ఖర్చులో కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కార్మికురాలు కొంత భరించే పద్ధతి. దానమూ కాదు, పూర్తి అప్పూ కాదు. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్లు అప్పగించారు. తర్వాత షోలాపూర్ కార్మిక నాయకురాలు మీనాక్షి సానే పేరుతో మరో కాలనీ వచ్చింది. ఆ పైన రే నగర్. మొత్తం 30,000 ఇళ్లు, ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద. ఈసారి బీడీ కార్మికులతో పాటు మరమగ్గాల వాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు, చేనేత కార్మికులు, చిల్లర వ్యాపారులు కూడా లబ్ధిదారులే. ఈ పథకంలో ఇంటికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇస్తాయి. మిగతాది కార్మికుడు కట్టుకోవాలి.

ఇంత పెద్ద కాలనీ ఎమ్మెల్యే పదవి లేని మనిషి పూనికతో లేచిందన్నది గమనించాలి. కార్డులున్న వాళ్ల జాబితా, సొసైటీ రిజిస్ట్రేషన్, భూమి కొనుగోలు, బ్యాంకు రుణం, రాష్ట్ర సచివాలయమైన మంత్రాలయ చుట్టూ తిరుగుడు... యూనియన్ చందా పుస్తకం రాయడం అలవాటైన చేతులే ఈ కాగితాలన్నీ నడిపించాయి.

ఆ తిరుగుడే ఆయన్ను చిక్కుల్లో పడేసింది. 2019 జనవరి 9న ప్రధాని నరేంద్ర మోదీ షోలాపూర్‌లో రే నగర్‌కు శంకుస్థాపన చేశారు. వేదిక మీద ఆడం మోదీని, ముఖ్యమంత్రి ఫడ్నవీస్‌ను మెచ్చుకుంటూ మాట్లాడారు. లోక్‌సభ ఎన్నికలు నెలల దూరంలో ఉన్నాయి. పార్టీ ఊరుకోలేదు, కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. పార్టీ కోపంలో న్యాయం ఉంది. అయితే ఎన్నో ఏళ్లు ఫైళ్ల వెంట తిరిగి చివరికి నిధులు తెచ్చుకున్న మనిషి నాలుగు మంచి మాటలు చెప్పడమూ వింతేమీ కాదు. ఆయన పార్టీ మారలేదు. సస్పెన్షన్ ముగిశాక అదే జెండా కింద పని చేశారు.

2024 జనవరి 19న మోదీ మళ్లీ వచ్చి మొదటి 15,000 ఇళ్లు అప్పగించారు. చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇల్లు ఉండి ఉంటే అని చెబుతూ ఆయన గొంతు గద్గదమైంది. టీవీలన్నీ ఆ దృశ్యాన్నే పదేపదే చూపించాయి.

ఆ ఏడాది నవంబరులో జరిగిన శాసనసభ ఎన్నికల్లో నగర మధ్య స్థానం నుంచి ఆడం మళ్లీ పోటీ చేశారు. బీజేపీ అభ్యర్థి దేవేంద్ర కోఠే గెలిచారు. కోఠేలదీ తెలుగు మూలాల కుటుంబమే. వేల ఇళ్లు కట్టించిన మనిషికి ఓట్లు ఎందుకు పడలేదని బయటివాళ్లు అడుగుతుంటారు. ముస్లిం ఓట్లు, పద్మశాలి ఓట్లు చీలిపోవడం, పెద్ద పార్టీల బలం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. మ్యాపు చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. నగర మధ్య నియోజకవర్గమంతా మునిసిపల్ వార్డులే. కుంభారి నగర పాలక సంస్థ హద్దు అవతల ఉంది. ఇరుకు గదులు ఖాళీ చేసి కొత్త ఇంటికి వెళ్లి, అక్కడి చిరునామాతో ఓటు నమోదు చేసుకున్న ప్రతి కుటుంబం ఆయన నియోజకవర్గం ఓటర్ల జాబితా నుంచి తప్పుకున్నట్టే.