కళారహస్యము – ఒడంబడిక

కంటికి కనబడు వస్తువే కాదు, దానిని పుట్టించు క్రమము కూడ కళయే. వస్తువును హరించినవానిని దొంగ యందుము. క్రమమును గ్రహించి పోయినవానికి పేరైనను లేదు. ఈ భేదమును రెండు వృత్తాంతముల మూలమున విన్నవించుచున్నాము.

మొదటిది మన చోళమండల తీరమునకు సంబంధించినది. ఇచ్చటి కలంకారి వస్త్రములు ఐరోపాలో మిక్కిలి ప్రియమై యున్న కాలమున, కూర్దూ అను ఫ్రెంచి జెసూటు మతగురువు 1742లో స్వదేశమునకు ఒక లేఖ వ్రాసెను. కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరువేరు మున్నగువాని ప్రయోగక్రమము అందు వివరింపబడెను. తాను బాప్తిస్మ మిచ్చిన అద్దకపు పనివారిని వేర్వేరుగ ప్రశ్నించి దానిని తెలిసికొంటినని ఆయనయే వ్రాసెను. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికమును 1767లో ఫ్రెంచి పండితులకు తెలిపినవాడును ఈయనయే. ఆ విద్యాసేవను మేము గౌరవింతుము. ఐరోపా అద్దకమునకు ఈ లేఖ యొక్కటియే కారణమనుట అతిశయోక్తి యగును. అయినను అది అచ్చుపడినంతనే, వంశపారంపర్యముగ వచ్చిన విద్య చదువ నేర్చినవారి కెల్ల సొత్తయ్యెను.

రెండవది ఇంగ్లండు వృత్తాంతము. విక్టోరియా రాణియు, ఆల్బర్టు ప్రభువును వినోదార్థము గీసిన చిత్రముల రాగిరేకులను అచ్చునకై విండ్సరులోని ముద్రాపకున కొసగిరి. కొన్ని ప్రతులు రహస్యముగ వెలికి పోయెను. స్ట్రేంజి అను ప్రచురణకర్త వాని పట్టికను ప్రకటింప బూనెను. ప్రభువు వ్యాజ్యము తెచ్చెను. నమ్మి అప్పగించినదానిని నమ్మకద్రోహమున పొంది ప్రకటింపరాదని 1849లో న్యాయస్థానము నిషేధించెను.

రాణిగారి గీతలకు లభించిన రక్ష అద్దకపు పనివారికి లభింపలేదు. నేడు మన దేశమున 1872 నాటి ఒప్పందముల చట్టము రాజునకు, పేదకు సమానమే. గ్రంథస్వామ్యము రూపమును కాపాడును గాని క్రమమును కాపాడదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము పేరును కాపాడును. క్రమమునకు ఒక రక్ష రహస్యరక్షణ ఒడంబడిక. చూపునది యేది, ఎందులకు చూపుచున్నాము, ఎంతకాలము దాచవలయును, మాదిరులను ఎప్పుడు మరల నీయవలయును అను నాలుగు మాటలు అందుండవలయును. చూపిన పిమ్మట వ్రాయుట నిష్ఫలము; లోకమునకు వెల్లడియైనదానిని ఏ పత్రమును మరల దాచలేదు.

దాచుటయనగా పాతిపెట్టుట కాదు. శిష్యునకు చెప్పని విద్య గురువుతోనే నశించును. కావున వృత్తిదారులు బిడ్డలకు, శిష్యులకు నిస్సంకోచముగ నేర్పవలయును. పరులకు పత్రముమీదనే చూపవలయును. కళాపోషకులు తామే ముందుగ సంతకము చేసి, పిదప పనిని చూడగోరుట మర్యాదయని మా మనవి.