కరీం, హకీం, ఇప్పుడొచ్చిన పొడుగు కుర్రాడు

మొన్న జుమా నమాజ్ అయ్యాక నందిగామలో ఆపా వాళ్ళింటికి వెళ్ళాను. దస్తర్‌ఖాన్ పరిచారు, ఖానా పెట్టారు, మా భాంజా కళ్ళు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి. వాడికి 16 నిండాయి. ఎత్తు అప్పుడే 6 అడుగుల 3 అంగుళాలు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. ఇంటికొచ్చిన వాళ్ళంతా "మాషా అల్లాహ్, అచ్చం వాళ్ళ దాదా" అంటారు. ఆ దాదా మర్హూమ్ జగ్గయ్యపేటలో లారీలకు బస్తాలు ఎత్తిన మనిషి. రెండు బస్తాలు ఒకేసారి మోసేవారని పేటలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా వీడి మొహం ముడుచుకుపోతుంది. బస్తాలు మోయాలని వీడికి లేదు, బాస్కెట్‌బాల్ ఆడాలని ఉంది. సెలక్షన్లకు పంపమని వాడి జిద్, ఇంటర్ పాడవుతుందని ఆపా ఫికర్.

ఫోన్‌లో ఉన్నది విక్టర్ వెంబన్యామా. ఫ్రాన్స్ కుర్రాడు, 2004లో పుట్టాడు, ఎత్తు 7 అడుగుల 3 అంగుళాల పైమాటే. 2023లో అమెరికా ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అందరికంటే ముందు అతన్నే ఎంచుకుంది. "మామూ, ఇతను కరీం అంతటివాడు అవుతాడంటారా?" అని అడిగాడు భాంజా. "అవుతాడు", "కాడు" అని ఒక్క ముక్కలో తేలే సవాల్ కాదది. దాని వెనక అరవై ఏళ్ళ తారీఖ్ ఉంది.

ఆట తెలియని ఖాలాలకు, చాచీలకు ఒక్క మాట. బాస్కెట్‌బాల్‌లో బుట్ట 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని దగ్గరే కాపు కాసే పొడుగు మనిషిని సెంటర్ అంటారు. ఎదుటివాళ్ళ బంతిని గాల్లోనే కొట్టేస్తే అది బ్లాక్. బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకుంటే రీబౌండ్.

కొత్త పొడుగువాడు కనిపించగానే పాత పొడుగువాడితో తూచడం లోకమంతటా ఉన్న ఆదతే. మనవాళ్ళు వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి బలం చూసి "కలియుగ భీముడు" అనలేదూ? అమెరికాలో ఆ తూకపురాయి విల్ట్ చాంబర్లిన్. 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు కొట్టిన మనిషి. న్యూయార్క్‌లో 1947లో పుట్టిన లూ అల్సిండార్ అనే నల్లజాతి కుర్రాడు 7 అడుగులు దాటేసరికి అందరూ "ఇంకో చాంబర్లిన్" అన్నారు. అతను యూసీఎల్ఏ యూనివర్సిటీకి 1967, 68, 69 వరసగా మూడేళ్ళు చాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. 1967లో కాలేజీ ఆటల్లో డంక్, అంటే బంతిని పైనుంచి బుట్టలోకి దించడం, నిషేధించారు. అతని కోసమే ఆ రూల్ పెట్టారని అప్పట్లో అంతా అనుకున్నారు. అతను సబర్ పట్టి, చెయ్యి చాచి తల పైనుంచి బంతిని వదిలే స్కైహుక్‌కు పదును పెట్టాడు. ఆ దెబ్బను ఆపగలిగినవాళ్ళు అరుదు.

ఆ కాలేజీ రోజుల్లోనే కలిమా చదివాడు. నల్లవాళ్ళకు జరుగుతున్న జుల్మ్‌కు నిరసనగా 1968 ఒలింపిక్స్‌కు వెళ్ళనన్నాడు. 1971లో మిల్వాకీ బక్స్‌ను చాంపియన్‌గా నిలబెట్టిన వెంటనే, ఇకనుంచి తన పేరు కరీం అబ్దుల్ జబ్బార్ అని లోకానికి చెప్పాడు. అల్సిండార్ అనేది తన పూర్వీకులను గులాములుగా ఉంచుకున్న యజమాని పేరని ఆయన వివరించాడు. పత్రికల్లో ఆయన్ని ఉత్త "జబ్బార్" అని రాస్తే నాకు చెవులు చివుక్కుమంటాయి. జబ్బార్ అల్లాహ్ పేరు. బందా అబ్దుల్ జబ్బార్ అవుతాడు.

ఇక లెక్కలు. కరీం తొలి ఏడాది 1969-70లో ఆటకు సగటున 28.8 పాయింట్లు, 14.5 రీబౌండ్లు. అంతకు ముందు 27 ఆటలు గెలిచిన బక్స్ ఆ ఏడాది 56 గెలిచింది. వెంబన్యామా తొలి ఏడాది సగటు 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.6 బ్లాకులు. అతను రాకముందు ఏడాది స్పర్స్ 22 ఆటలు గెలిచింది. వచ్చాకా 22 మాత్రమే! భాంజా మొహం వాడిపోయింది. నేనే ఓదార్చాను: బేటా, కరీం నాలుగేళ్ళు కాలేజీలో రాటుదేలి 22 ఏళ్ళకు వచ్చాడు, ఇతను 19 ఏళ్ళకే దిగాడు. ఇంకో సంగతి. ఎన్‌బీఏలో బ్లాకులు లెక్కపెట్టడం 1973-74లో గానీ మొదలవలేదు. కరీం తొలి నాలుగేళ్ళ బ్లాకులు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత 1979లో వచ్చింది. కరీం జిందగీ మొత్తంలో అలాంటి బుట్ట ఒక్కటే వేశాడు, ఈ కుర్రాడికి అది రోజూ పనే. ఒక్క తరాజూలో ఈ రెండింటినీ ఎలా పెడతాం?

మా వాడు వినని పేరొకటి చెప్పాను, రాల్ఫ్ సాంప్సన్. 7 అడుగుల 4 అంగుళాలు. కాలేజీలో మూడేళ్ళు వరసగా దేశంలో మేటి ఆటగాడు. 1983లో హ్యూస్టన్ రాకెట్స్ అతన్నే మొదట ఎంచుకుంది. కరీం గద్దె ఇతనిదేనని అందరూ ఖాయం చేసేశారు. 1986లో ఆఖరి సెకనులో, గాల్లోనే తిరిగి బంతి విసిరి, కరీం ఆడుతున్న లేకర్స్‌ను ఇంటికి పంపాడు కూడా. ఆ తర్వాత నడుము, మోకాళ్ళు దెబ్బతిన్నాయి, ఆపరేషన్లయ్యాయి, జట్టు అతన్ని వేరేవాళ్ళకు ఇచ్చేసింది. అతని మెహనత్‌లో లోపమేమీ లేదు. మోకాళ్ళు సాథ్ ఇవ్వలేదు.

అప్పుడు సాంప్సన్ పక్కనే ఆడుతున్నవాడు నైజీరియా కుర్రాడు హకీం ఒలాజువాన్. లాగోస్‌లో 1963లో ముస్లిం ఖాందాన్‌లో పుట్టాడు. వాళ్ళ అమ్మానాన్నలది సిమెంటు వ్యాపారం (పేట చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు చూసి పెరిగిన మనకు ఈ మాట వింటే ఎందుకో దగ్గరితనం). చిన్నప్పుడు ఆడింది హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్. బాస్కెట్‌బాల్ పట్టేసరికి దాదాపు మా భాంజా ఈడు. 1980లో హ్యూస్టన్ చేరాక తొలి ఏడాది ఆడనే లేదు. గోల్‌కీపర్‌గా నేర్చిన ఆ కాళ్ళ చురుకుతోనే పెద్ద పెద్ద సెంటర్లను అటూ ఇటూ ఊపి దాటేశాడు. మొదట్లో పత్రికల్లో "అకీం" అని పడేది. 1991లో ఆయనే సరిదిద్దించాడు, హకీం అని.

1994, 1995 రెండేళ్ళూ రాకెట్స్ చాంపియన్. 1995 రంజాన్ ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలో వచ్చింది. హకీం రోజాలు వదలలేదు. పగటి ఆటలు గొంతు ఎండినా అలాగే ఆడాడు. ఆ ఫిబ్రవరికి ఎన్‌బీఏ మేటి ఆటగాడు ఆయనే. ఆ ఏడాది ఫైనల్లో ఎదురైన షకీల్ ఓనీల్‌ను అప్పటికి కాబోయే బాద్‌షా అంటున్నారు. రాకెట్స్ 4-0తో గెలిచింది. ఆ మరుసటి ఏడాది హకీం బ్లాకుల్లో కరీం రికార్డు దాటాడు. చివరికి 3,830 దగ్గర ఆగాడు, ఆ సంఖ్యను ఇంతవరకూ ఎవరూ దాటలేదు. సాంప్సన్‌ను కరీంతో పోల్చే సందడిలో, పక్కన ఉన్న ఈ కుర్రాడి మీద అంత పెద్ద మాటలు పడలేదు.

"వెంబన్యామాకూ దెబ్బ తగిలింది కదా మామూ" అన్నాడు వాడు. నిజమే. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టి, ఆ సీజన్ అక్కడితో ఆగిపోయింది. 21 ఏళ్ళకే. కరీం 20 సీజన్లు ఆడి 42 ఏళ్ళకు దిగాడు, 38,387 పాయింట్లతో. ఆ రికార్డు 2023 దాకా నిలిచింది. నా అభిప్రాయం అడిగితే, ఈ కుర్రాడి ఆటలో హకీం కాళ్ళే ఎక్కువ కనిపిస్తాయి నాకు. కరీంతో పోలిక ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. అతను కరీం అంతటివాడవుతాడా అనే సవాల్‌కు ఇంకో పదిహేనేళ్ళు ఆగాలి.

ఇంతసేపూ వింటున్న ఆపా వంటింట్లోంచి అడిగింది, "ఆ కరీం సాబ్ చదువు సంగతేంటి?" యూసీఎల్ఏలో హిస్టరీలో డిగ్రీ పూర్తి చేశాకే ఎన్‌బీఏలో అడుగుపెట్టాడని చెప్పాను, పుస్తకాలు కూడా రాశాడన్నాను. ఆపా ఏమీ అనలేదు, రైతా గిన్నె తెచ్చి పెట్టింది. ఆ నిశ్శబ్దానికి అర్థం నాకూ తెలియదు. సెలక్షన్లు వచ్చే నెలలో.

"దాదా లాగే ఉన్నాడు అనడం మానేయమని అందరికీ చెప్పండి మామూ," అన్నాడు వాడు నెమ్మదిగా. "నేను ఆయన్ని చూడనే లేదు."

చెబుతానన్నాను. మరి కాసేపటికి ఫోన్ నా ముందు పెట్టాడు. "ఆ సాంప్సన్ ఆఖరి సెకను షాట్ ఇందులో దొరుకుతుందా?" దొరికింది. ఖానా చల్లారిపోతుంటే ఇద్దరం మూడుసార్లు చూశాం.