తెలుగు ప్రేమ నవల: హైదరాబాదు–విజయవాడ దారి పట్టణాల దృష్ట్యా

జనప్రియ ప్రేమ నవల అంటే పత్రికల్లో ధారావాహికగా, అనగా వారానికో నెలకో ఒక భాగంగా వెలువడి, ఆ తరువాత చౌక ధర పుస్తకంగా అచ్చయి, నాయికానాయకుల పరిచయంతో మొదలై వారి కలయికతోనో ఎడబాటుతోనో ముగిసే కథ. విమర్శకులు దీనిని కొంత చులకనగా కాలక్షేప సాహిత్యం అన్నారు. పాఠకులకు మాత్రం అది ‘సీరియల్’. ‘సశేషం’ అన్న ఒక్క మాట దగ్గర ఆగి వారం రోజులు ఎదురుచూడటం, అయిపోయాక పత్రికల్లోని ఆ పేజీలు చింపి వరుసగా బైండు చేయించుకోవడం ఈ చదువులో భాగమే.

సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీది పట్టణాలు. వీటిలో కోదాడ, తెలుగు ప్రచురణకు చిరకాలం కేంద్రంగా నిలిచిన విజయవాడకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా చదివే అలవాటు ఇక్కడికి కోస్తా కంటే ఆలస్యంగా చేరింది. 1948 వరకు నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగడం అందుకు ముఖ్య కారణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఎడమ కాలువ కింద, ఈ పట్టణాలకు దగ్గరలోని మిర్యాలగూడ వరికి, రైసు మిల్లులకు పేరు పడింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతోనూ, చేతిలో డబ్బు ఆడుతున్న స్థానిక కుటుంబాలతోనూ వారపత్రిక కొనగల మధ్యతరగతి పెరిగింది. ప్రేమ నవలలను ఇంటింటా ఆడవాళ్లు చదివారని వాడుకగా చెప్పే మాటను కాస్త తగ్గించే తీసుకోవాలి, ఎందుకంటే 1991 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతమే.

తెలుగు నవలలో ప్రేమ మొదట జనప్రియం కాదు, వివాదం. 1927 నాటి చలం ‘మైదానం’లో బ్రాహ్మణ గృహిణి రాజేశ్వరి భర్తను వదిలి ముస్లిం యువకుడు అమీర్‌తో వెళ్లిపోతుంది. కులాన్నీ మతాన్నీ ఒకేసారి దాటిన ఈ సాహసాన్ని తరువాతి పత్రికా నవల దాదాపుగా పక్కన పెట్టింది. ముప్పాళ్ల రంగనాయకమ్మ 1960ల ఆరంభంలో రాసిన ‘బలిపీఠం’ చెప్పుకోదగిన మినహాయింపు: అందులో బ్రాహ్మణ వితంతువుకూ దళిత యువకుడికీ పెళ్లవుతుంది, కాని ఆ కాపురం నిలవదు.

1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో వెలువడిన యద్దనపూడి సులోచనారాణి (1940–2018) ‘సెక్రటరీ’ ఈ ప్రక్రియకు మూస పోసింది. సంపన్నుడైన రాజశేఖరం దగ్గర ఉద్యోగానికి చేరిన జయంతి అతన్ని ప్రేమిస్తూనే తన అభిమానాన్ని వదులుకోదు. ‘అభిమానం’ అంటే ఇక్కడ ఇష్టం కాదు, ఆత్మగౌరవం. నాయకుడి పొడవును, కారును, మేడను తలచుకుని నవ్విన తరాలు, నాయిక జీతం తెచ్చుకునే మనిషి అన్న సంగతిని అంతగా పట్టించుకోలేదు. నిజానికి ఆ నవలలోని కొత్తదనం అదే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’, ‘ప్రేమనగర్’, యద్దనపూడి ‘జీవన తరంగాలు’, ‘మీనా’ సినిమాలై ఈ కథలను చదువు రానివారికీ చేర్చాయి. ఎమెస్కో వంటి సంస్థల పాకెట్ పుస్తకాలు, పట్టణాల్లో రోజుకింత అని అద్దెకిచ్చే పుస్తకాల దుకాణాలు, బస్టాండు బంకులు ఈ నవలకు ఆధారం; రైలు సౌకర్యం లేని సూర్యాపేటలో బస్టాండు పాత్ర మరీ పెద్దది.

ఈ నవలల్లో ప్రేమికుల మధ్య గోడ సాధారణంగా డబ్బు. ఇంటిపేరు, వంటిల్లు, పెళ్లి తంతు చూసి పాత్రల కులాన్ని పాఠకులు ఊహించుకోవచ్చు గాని, కథ దానిని చిక్కుముడిగా చేయదు. ప్రేమ పెళ్లికి మొదటి అడ్డు కులమే అయిన ఊళ్లలో, అందులోనూ ఆ కారణంగా హత్యలు సైతం చూసిన ఈ ప్రాంతంలో, డబ్బు గోడ కథ ఊరటగానూ, తప్పించుకోలుగానూ పనిచేసిందని చెప్పవచ్చు. భాష విషయంలోనూ ఇటువంటి ఎడమే ఉంది. ప్రేమను పలికింది కృష్ణా, గుంటూరు మాండలికానికి దగ్గరైన పత్రికా భాష; తెలంగాణ యాస ఎక్కువగా పనిమనుషుల, రిక్షావాళ్ల నోటికే దక్కిందన్నది తెలంగాణ రచయితలు పదేపదే చేసిన ఫిర్యాదు. తెలంగాణలోనే పుట్టిన మాదిరెడ్డి సులోచన నవలల్లో కూడా చాలావరకు కనిపించేది ఆ పత్రికా భాషే.

1980లలో పగ్గాలు మగ రచయితల చేతికి వచ్చాయి. యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి ప్రేమకు ఉత్కంఠను, హాస్యాన్ని, పందాన్ని జోడించారు. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగం ఆటగాడు రేవంత్‌కు ముఖం చూపని అమ్మాయి ఫోనులో మాత్రమే మాట్లాడుతుంది, ఇంట్లో ఫోను ఉండటమే గొప్పగా ఉన్న రోజుల్లో ఆ గొంతు పాఠకులకు ఎంత దూరపు వస్తువో గుర్తుంచుకోవాలి. నాయిక మనసులోంచి సాగే కథనం తగ్గి, నాయకుడు గెలవవలసిన ఆటగా ప్రేమ మారడం ఈ దశ లక్షణం. పాఠకుల్లో కాలేజీ కుర్రాళ్ల సంఖ్య పెరగడం దీనికి తోడ్పడింది.

1990ల చివరి నుంచి టీవీ సీరియళ్లు పత్రికా నవల స్థానాన్ని ఆక్రమించాయి. అద్దె పుస్తకాల దుకాణాలు మూతపడ్డాయి. నెలకో నవలతో 1978లో మొదలైన ‘చతుర’ మాసపత్రిక 2021లో ఆగిపోయింది. పాత నవల మాత్రం వేరే దారిలో తిరిగివచ్చింది: 1973లో ఒకసారి సినిమాగా వచ్చిన ‘మీనా’యే 2016 నాటి ‘అ ఆ’ చిత్రానికి ఆధారం. ప్రతిలిపి వంటి వేదికలలో భాగాలుగా రాసే కథలు ‘సశేషం’ పద్ధతిని ఫోనులోకి తెచ్చాయి. తేడా ఏమిటంటే, భాగానికి భాగానికి మధ్య పాఠకులు రచయితకు నేరుగా అభిప్రాయం చెబుతారు, మరుసటి నెలకు పాఠకురాలే రచయిత్రి కూడా కావచ్చు. సంపాదకుడి జల్లెడ లేనందువల్ల ఇంట్లో మాట్లాడే తెలంగాణ భాషలోనే ప్రేమ సంభాషణ రాయడానికి ఇప్పుడు అడ్డు లేదు. నాయకుడు మాత్రం తరచుగా కంపెనీ సీఈవో, పొడగరి. అతని కారు ఇంకా గుమ్మం ముందే ఆగుతుంది.