‘రేడియేషన్’ రొయ్యలు తినొచ్చా? సీజియం కథ వేరు, శుద్ధి కథ వేరు

2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. ఇండోనేషియా కంపెనీ ఒకటి పంపిన ఫ్రోజెన్ రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడిందని, అదే కంపెనీ నుంచి వచ్చి వాల్‌మార్ట్‌లో అమ్ముడైన కొన్ని ప్యాకెట్లను తినొద్దని చెప్పింది. ఆ సరుకు మనది కాదు. అయినా కావలి, అల్లూరు నుంచి ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా రొయ్యల గుంటల మీద బతికే నెల్లూరు తీరం అలాంటి వార్తకు ఉలిక్కిపడక మానదు. అదే నెలలో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది కూడా.

అప్పటి నుంచి ‘రేడియేషన్ తగిలిన రొయ్య’ అంటే చాలామందికి ఒకటే అర్థం. నిజానికి ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

ఇండోనేషియా సరుకులో జరిగింది కాలుష్యం. రేడియోధార్మిక పదార్థమే ఆహారంలో కలిసింది. అక్కడ దొరికింది కిలోకు సుమారు 68 బెకరెల్స్, ఎఫ్‌డీఏ చర్య తీసుకునే పరిమితి 1,200. అంత తక్కువైనా అది ఉండకూడని పదార్థం కాబట్టే సరుకు ఆపారు.

రేడియేషన్ శుద్ధి అలా కాదు. ప్యాకింగ్ పూర్తయిన ఆహారాన్ని కోబాల్ట్-60 మూలకం ముందు నుంచి పంపుతారు. గామా కిరణాలు లోపలికి దూసుకెళ్లి సూక్ష్మజీవుల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. కోబాల్ట్ ఆహారాన్ని తాకదు. ఆ కిరణాలకు ఆహారాన్ని రేడియోధార్మికంగా మార్చేంత శక్తి లేదు. ఎండు చేపలో ఎండ మిగిలి ఉండదు కదా, ఇదీ అంతే.

మోతాదును గ్రేలలో కొలుస్తారు. మొలకలు రాకుండా ఉల్లి, బంగాళాదుంపలకు 0.02 నుంచి 0.2 కిలోగ్రే సరిపోతుంది. చేపలు, రొయ్యల్లో రోగకారక క్రిములను చంపడానికి మన దేశంలో 1 నుంచి 7 కిలోగ్రే వరకు అనుమతి ఉంది. 10 కిలోగ్రే ఇచ్చినా నీళ్లు రెండున్నర డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కవు, అందుకే పచ్చి సరుకు పచ్చిగానే ఉంటుంది. ఆ 10 కిలోగ్రే వరకు విషపరమైన ప్రమాదం లేదని ఎఫ్‌ఏఓ, ఐఏఈఏ, డబ్ల్యూహెచ్‌ఓల సంయుక్త నిపుణుల కమిటీ 1980లోనే తేల్చింది. రొయ్యలు, పీతల వంటి వాటికి అమెరికా 2014లో 6 కిలోగ్రే వరకు అనుమతించింది.

మనకూ ఇది కొత్త కాదు. నవీ ముంబయిలోని వాషిలో 2000 నుంచి మసాలా దినుసుల ప్లాంటు, నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో 2002 నుంచి ‘కృషక్’ కేంద్రం పనిచేస్తున్నాయి. 2007లో మన మామిడి అమెరికా వెళ్లింది ఈ శుద్ధితోనే.

నష్టమే లేదా అంటే, కొంత ఉంది. బీ1, సీ విటమిన్లు కొంత తగ్గుతాయి, మోతాదు మించితే వాసన, రుచి మారతాయి. ఆస్ట్రేలియాలో భారీ మోతాదు ఇచ్చిన ఆహారం తిన్న పిల్లులకు నరాల జబ్బు రావడంతో, 2009లో అక్కడ పిల్లుల ఆహారానికి ఈ పద్ధతిని నిషేధించారు. మనుషుల ఆహారానికి వాడేది అంతకన్నా చాలా తక్కువ.

నెల్లూరు రైతు గుర్తుంచుకోవాల్సింది మరొకటి ఉంది. మన రొయ్యల కంటైనర్లు విదేశాల నుంచి వెనక్కి రావడానికి తరచూ కారణమయ్యేది యాంటీబయాటిక్ అవశేషాలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు గుంటలో వాడితే ఆ తర్వాత ఏ కిరణమూ సరుకును గట్టెక్కించలేదు. పట్టుబడికి ముందు ఎంపెడా ల్యాబ్‌లో చేయించే పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు. కుళ్లిన సరుకూ దీంతో తాజాది కాదు.

యూరోపియన్ యూనియన్ మొత్తానికి వర్తించే జాబితాలో ఉన్నవి ఎండు ఆకులు, మసాలా దినుసులే. రొయ్యల సంగతి ఆయా దేశాల ఇష్టం. అందువల్ల ఎగుమతిదారు ముందుగా కొనుగోలుదారును అడగకుండా శుద్ధి చేయిస్తే సరుకు అక్కడ రేవులోనే ఆగిపోవచ్చు.

కొనేవాళ్లు చూడాల్సింది ప్యాకెట్‌పై ఆకుపచ్చ ‘రాడురా’ గుర్తు. వలయంలో రెండు ఆకులు, పైన ఒక చుక్క ఉంటాయి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం రేడియేషన్‌తో శుద్ధి చేసినట్టు, ఎప్పుడు చేశారో లేబుల్‌పై రాయాలి. రాయలేదని అనుమానం వస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇక ఈ గుర్తున్న రొయ్యలనూ ఫ్రీజర్‌లోనే ఉంచాలి, బాగా ఉడికించే తినాలి.